టీవీ చూసి యూనిఫాం వేసుకుంటారా?

మామయ్య అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరై నందిగామలోనే ఉండిపోయారు. మేనకోడలు జగ్గయ్యపేట వైపు ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచరు. చిన్నప్పుడు చూసిన టీవీ సీరియల్ ఒక మనిషిని పోలీసుగానో, ఫైర్‌మన్‌గానో, 108 ఉద్యోగిగానో తయారుచేయగలదా అన్నది వీళ్ళిద్దరి మధ్యా తెగని తగువు. ఆమె చేయగలదంటుంది, ఆయన ఒప్పుకోరు. మా వైపు ఇది పొద్దుపోని కబురు కాదు. 65వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్ళను ఒరుసుకుంటూ పోతుంది, మున్నేరు పక్కనే పారుతుంది. ఆపద వేళ వచ్చేదెవరు, వాళ్ళు ఆ ఉద్యోగంలోకి ఎందుకు వచ్చారు అన్నది ఇక్కడ ప్రతి ఇంటికీ అక్కరకొచ్చే సంగతి. అందుకే ఇద్దరి మాటా రాస్తున్నాను.

మేనకోడలు: ముందు ఉడాన్ సంగతి చెప్పుకుందాం మావయ్యా. 1989లో దూరదర్శన్‌లో మొదలైంది. రాసింది, తీసింది, కల్యాణీ సింగ్ అనే ఐపీఎస్ అధికారిగా నటించింది, అంతా కవితా చౌదరే. సర్ఫ్ ప్రకటనలో లలితాజీ అంటే నీకూ గుర్తొస్తుంది. అది కల్పించి అల్లిన కథ కాదు. ఆమె సొంత అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య 1973 బ్యాచ్ ఐపీఎస్. దేశంలో కిరణ్ బేడీ తర్వాత ఐపీఎస్ అయిన రెండో మహిళ. 2004లో ఉత్తరాఖండ్‌కు డీజీపీ అయింది. ఒక రాష్ట్రానికి డీజీపీ అయిన తొలి మహిళ ఆవిడే. ఉడాన్ చూసే పోలీసు శాఖలోకో సివిల్స్‌లోకో వచ్చామని చెప్పుకున్న ఆడవాళ్ళు దేశమంతటా ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ దాన్ని మళ్ళీ వేసింది కూడా.

మామయ్య: హిందీ సీరియల్ కదమ్మా అది. ఆ రోజుల్లో నందిగామలో హిందీ అర్థమయ్యేవాళ్ళు ఎంతమంది? మన ఆడపిల్లలకి ఖాకీ చొక్కా అంటే విజయశాంతి. కర్తవ్యం 1990లో వచ్చింది, జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిపెట్టింది. ఆ లెక్కన ఊరికి పదిమంది ఎస్సైలు తయారవ్వాలి. అయ్యారా?

మేనకోడలు: కర్తవ్యానికీ ప్రేరణ కిరణ్ బేడీయే. ఆ సినిమా చూసి లాఠీ పట్టుకోవాలనుకున్న పిల్లలు లేరని నేననను. కానీ రెండిటికీ తేడా ఉంది. సినిమా మనకి తయారైన పోలీసును చూపిస్తుంది. ఉడాన్ ఒక ఆడపిల్ల పోలీసు ఎలా అవుతుందో చూపించింది. తండ్రికి జరిగిన అన్యాయం, ఆడపిల్లని చిన్నచూపు చూసే లోకం, చదువు, పరీక్ష, శిక్షణ, అన్నీ వారం వారం. హిందీ రాకపోయినా ఒక అమ్మాయి పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే ఏం చేస్తోందో తెలియదా? దారి కనపడింది మావయ్యా. దారి కనపడితే నడుస్తారు.

మామయ్య: దారి చూపించేది నోటిఫికేషనమ్మా. నేను ఫైర్ సర్వీసులోకి వచ్చిన నాటికి మా ఇంట్లో టీవీ లేదు. పేపర్లో ప్రకటన పడింది, చదువు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, పరుగులో నెగ్గాను. నాతో చేరినవాళ్ళంతా అంతే. నీ ఉడాన్ చూసినవాళ్ళలో ఎంతమంది ఎత్తు కొలిచే చోట ఆగిపోయారో, రాత పరీక్షలో పోయారో, పెళ్ళి చేసేస్తే మానేశారో వాళ్ళ లెక్క ఎవరూ చెప్పరు. వచ్చినవాళ్ళు మాత్రం నలుగురిలో నిలబడి ఫలానాది చూసి వచ్చామని చెప్తారు. అది వినడానికి బాగుంటుంది.

(ఈ మాటలో బలముంది. గెలిచినవాళ్ళ జ్ఞాపకాలే మన దాకా వస్తాయి. మేనకోడలు కూడా దీనికి వెంటనే బదులు చెప్పలేదు.)

మామయ్య: ఇంకోటి విను. టీవీలో మంట అంటే ఎర్రగా, తాటిచెట్టంత లేవాలి. మన వైపు మంటలు అలా ఉండవు. ఇది పత్తీ మిర్చీ పండే ప్రాంతం. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళకి నిప్పంటుకుందనుకో. పైన నీళ్ళు కొట్టగానే మంట అణుగుతుంది, యజమాని హమ్మయ్య అనుకుంటాడు. లోపల నిప్పు మాత్రం రగులుతూనే ఉంటుంది. బేలుకున్న కట్లు తెంపాలి, పత్తిని పొరలు పొరలుగా విప్పాలి, ఒక్కో పొరా తడుపుకుంటూ రావాలి. ఫైరింజన్లో పట్టేది 4,500 లీటర్లు. బ్రాంచి, అంటే పైపు చివరి గొట్టం, పూర్తిగా తెరిస్తే నిమిషాల్లో ఖాళీ. బండి చెరువుకో బోరు దగ్గరికో పోయి నింపుకుని రావాలి. అది వచ్చేదాకా కొక్కేలతో పత్తి లాగుతూ పొగలో నిలబడాలి. కళ్ళు మండుతుంటాయి, గొంతు పట్టేస్తుంది, చూడ్డానికి వచ్చిన జనం ఇళ్ళకి పోతారు. తెల్లారేదాకా ఇదే పని. గడ్డివామూ అంతే, వామంతా విప్పి పరిస్తే గాని చావదు. దీన్ని ఏ టీవీవాళ్ళు తీస్తారు? తీసినా ఎవరు చూస్తారు?

మేనకోడలు: తీశారు మావయ్యా, జనం ఆరేళ్ళు చూశారు. అమెరికాలో 1972 జనవరిలో ఎన్‌బీసీ చానల్లో ‘ఎమర్జెన్సీ!’ అని మొదలైంది. జాక్ వెబ్, రాబర్ట్ సినేడర్ తీశారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంటులో ఇద్దరు పారామెడిక్కులు, జానీ గేజ్, రాయ్ డిసోటో. వాళ్ళ బండి పేరు స్క్వాడ్ 51. కథలకి నిజం ఫైర్ స్టేషన్ల లాగ్ పుస్తకాలే ఆధారం. పెద్ద పెద్ద మంటలతో పాటు ఎక్కడో చెయ్యి ఇరుక్కున్నవాడు, గుండె పట్టుకుని కూలబడ్డ పెద్దాయన, అంతా రోజూ జరిగే బాపతే. వెళ్తారు, నాడి చూస్తారు, బీపీ చూస్తారు, రేడియోలో ఆసుపత్రి డాక్టరుకి వివరం చెప్తారు, ఆయన చెప్పిన సెలైన్ ఎక్కిస్తారు. ప్రతి వారం అదే వరస. జనానికి ఆ వరస కంఠతా వచ్చేసింది.

మామయ్య: అయితే?

మేనకోడలు: అంతకుముందు అక్కడ పరిస్థితి వింటే ఆశ్చర్యపోతావు. 1966లో ప్రమాద మరణాల మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దాని ప్రకారం అప్పట్లో అంబులెన్సుల్లో దాదాపు సగం నడిపేది శవసంస్కారాలు చేసే సంస్థలు. పడుకోబెట్టి తీసుకుపోయే పొడుగుబండి వాళ్ళ దగ్గరే ఉండేది కాబట్టి. దారిలో వైద్యం లేదు. పారామెడిక్కులు మందులివ్వడానికి వీలు కల్పించే చట్టం కాలిఫోర్నియాలో 1970లో వచ్చింది, గవర్నరుగా రోనాల్డ్ రీగన్ సంతకం పెట్టాడు. సీరియల్ మొదలైన నాటికి ఉత్తర అమెరికా మొత్తానికి పారామెడిక్ దళాలు పన్నెండే అనీ, పదేళ్ళు తిరిగేసరికి సగం మందికి పైగా అమెరికన్లకు పది నిమిషాల దూరంలో పారామెడిక్ ఉన్నాడనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ తరం ఫైర్‌మన్లని, పారామెడిక్కులని ఎందుకు చేరావని అడిగితే జానీ, రాయ్ పేర్లు చెప్పేవాళ్ళు కోకొల్లలు. 2000లో స్మిత్‌సోనియన్ మ్యూజియం ఆ సీరియల్లో వాడిన హెల్మెట్లని, రేడియో పెట్టెని తీసుకుని భద్రపరిచింది.

మామయ్య: సీరియల్ చూసి సర్కారు బళ్ళు కొనదమ్మా. డబ్బు ఎక్కణ్ణుంచో వచ్చి ఉండాలి.

మేనకోడలు: వచ్చింది. 1973లో కేంద్ర ప్రభుత్వమే ఎమర్జెన్సీ వైద్య సేవలకి చట్టం చేసి నిధులిచ్చింది. కాదనను. కానీ జనం ఒకదాన్ని అడగాలంటే ముందు దాన్ని చూసి ఉండాలి కదా. టీవీలో ఉన్నవాళ్ళు మన ఊళ్ళో ఎందుకు లేరని అడగడానికైనా టీవీలో ఉండాలి. ఇంకో మాట, ఇది నీ పక్షానికే పనికొస్తుంది, అయినా దాచను. ఆ సీరియల్ కన్నా ముందే, 1967లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ అని మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ అనే పేదపేటలోని నల్లజాతి యువకులకి డాక్టర్ పీటర్ సాఫర్ శిక్షణ ఇప్పించాడు. దారిలోనే వైద్యం చేసి ప్రాణాలు నిలిపిన తొలి దళాల్లో వాళ్ళు ముందువరసలో ఉన్నారు. 1975లో నగరం తన సొంత సర్వీసు పెట్టి వాళ్ళని మూసేసింది.

మామయ్య: చూశావా! వాళ్ళు ఏ సీరియల్ చూసి వచ్చారు? తమ పేటలో మనుషులు చస్తుంటే చూసి వచ్చారు. ఆ తర్వాత టీవీలోకి ఎక్కింది వాళ్ళు కాదు, లాస్ ఏంజెలెస్‌లో వేరే ఇద్దరు. పేరు వీళ్ళకి, ముందు పని వాళ్ళది. టీవీ చేసే అన్యాయం ఇదే.

మేనకోడలు: అన్యాయమే. అందుకే మన కథ మనమే తీసుకోవాలంటున్నాను.

మామయ్య: మనకి సీరియల్ రాలేదు, బండే ముందొచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఈఎంఆర్ఐ సంస్థ, ప్రభుత్వం కలిసి పెట్టాయి. అంతకుముందు ఈ హైవే మీద యాక్సిడెంట్ అయితే ఏ బండి ఆగితే ఆ బండి. ఆటోలో మడతపెట్టి కూర్చోబెట్టేవాళ్ళు, ట్రాక్టర్ తొట్టిలో వేసేవాళ్ళు. వెన్నుపూస విరిగినవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. 108 వచ్చాక ఊరూరా ఆ సైరన్ విన్నారు. డ్రైవర్ని పైలట్ అన్నారు, వెనక ఉండేవాణ్ణి ఈఎంటీ అన్నారు. పిల్లలు చూశారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు అప్లికేషన్లు పెట్టారు. సీరియల్ అక్కర్లేకపోయింది.

మేనకోడలు: పిల్లలు చూసింది ఏం మావయ్యా? బండి బయట. తలుపు వేసుకున్నాక లోపల ఏం జరుగుతుందో ఎవరు చూశారు? మెడ కదలకుండా కాలర్ వేయడం, ఆక్సిజన్ పెట్టడం, నోట్లో రక్తం తీసి ఊపిరి ఆడేట్టు చేయడం, కుదుపుల్లో కానుపు చేయడం. నా క్లాసులో పెద్దయ్యాక ఏమవుతారని అడుగుతాను. సాఫ్ట్‌వేరు, డాక్టరు, కలెక్టరు. కానిస్టేబుల్ అంటారు కొందరు. ఈఎంటీ అన్న పిల్ల ఒక్కతీ లేదు. ఇష్టం లేక కాదు, అలాంటి ఉద్యోగం ఉందని తెలియక. వాళ్ళ ఇళ్ళలోనే 108లో పుట్టిన తమ్ముళ్ళున్నారు!

(ఇక్కడ నేను మేనకోడలి వైపే. తలుపు వెనక జరిగే పనిని చూపించడానికి కెమెరా కన్నా మంచి సాధనం లేదు. మన చానళ్ళలో అత్తాకోడళ్ళ మధ్య కాఫీ కప్పు జారిపడితే మూడు కోణాల్లో చూపిస్తారు. ఆ ఓపికలో పదోవంతు చాలు, ఒక అంబులెన్సు లోపల ఇరవై నిమిషాలు చూపించడానికి.)

మామయ్య: చూపిస్తే సరిగ్గా చూపిస్తారని ఏమిటి నమ్మకం? సీఐడీ ఇరవై ఏళ్ళు నడిచింది, పిల్లలకి మిగిలిందేమిటి, తలుపు బద్దలుకొట్టడం.

మేనకోడలు: ఆ భయం నాకూ ఉంది. 1996లో అమెరికాలో డాక్టర్లు టీవీ సీరియల్స్‌లో గుండె ఆగినవాళ్ళకి చేసిన సీపీఆర్‌లన్నీ లెక్కపెట్టారు. తెర మీద నూటికి 75 మంది అప్పటికప్పుడు లేచారు, 67 మంది ఇంటికి వెళ్ళారు. నిజంలో బతికేవాళ్ళు అందులో ఏ మూలకీ రారు. అది చూసి పెరిగినవాడు ఈఎంటీ అయితే మొదటి నెలలోనే కుంగిపోతాడు. పోయినవాడి ఇంటివాళ్ళయితే సిబ్బంది మీద చెయ్యెత్తుతారు. అబద్ధం చెప్పే సీరియల్ కన్నా సీరియల్ లేకపోవడమే నయం, ఒప్పుకుంటాను.

మామయ్య: ఇప్పుడు దారిలోకి వచ్చావు. ముళ్ళపాడు దగ్గర 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున ప్రైవేటు బస్సు రెండు వంతెనల మధ్య ఖాళీలో పడింది. పదిమందికి తక్కువ కాకుండా పోయారు. అలాంటి చోట మొదట కావలసింది కండలు కాదు. ఇనుము ఎక్కడ కోస్తే లోపలి మనిషికి తగలదో చూసుకోవాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మూలుగుతున్నారు, ఎవరు చప్పుడు చేయడం లేదు అన్నది వినాలి. వినాలంటే చుట్టూ జనం నోరు మూసుకోవాలి. మన జనం ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు. ఐతవరం దగ్గర 2023 జులైలో ఒకసారి, 2024 సెప్టెంబరులో ఒకసారి మున్నేరు హైవే మీదికి ఎక్కింది. పోలీసులు ఏం చేశారు? అడ్డంగా నిలబడ్డారు. బళ్ళు ఆపారు. హైదరాబాద్ పోవాలి, ఫ్లైటుంది, పెళ్ళుంది అని తిట్టేవాళ్ళ తిట్లన్నీ తిన్నారు. దాని వల్ల నీళ్ళలోకి పోనివాళ్ళు ఎంతమంది బతికారో వాళ్ళకే తెలియదు. అడ్డం నిలబడ్డవాణ్ణి ఏ సీరియల్లోనైనా హీరోని చేశారా?

మేనకోడలు: చెయ్యాలి. అదే నేను అడుగుతున్నది. బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నీళ్ళు తీశాక ఫైరింజన్లు సింగ్ నగర్‌లో ఇళ్ళలో బురద కడిగాయి. ఆ పంపు పట్టుకున్నవాణ్ణి చూపిస్తే నా క్లాసు పిల్ల చూడదా? సాటివాళ్ళ ఇల్లు కడిగినవాణ్ణి చూడదా?

మామయ్య: చూస్తుంది. తర్వాత? డిగ్రీ అవుతుంది, 108లో చేరుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. నిర్వహించే ఏజెన్సీ మారుతుంది. జీతం బకాయి పడుతుంది. మన రాష్ట్రంలో 108 సిబ్బంది జీతాల కోసం సమ్మె నోటీసులు ఇవ్వడం కొత్త కాదు. రాత్రంతా నెత్తురులో పనిచేసి ఇంటికొస్తే అమ్మ పెళ్ళి సంబంధం గురించి ఎత్తుతుంది, అవతలివాళ్ళు పర్మనెంటేనా అని అడుగుతారు. ఆ పిల్లకి నీ సీరియల్ ఏం చెప్తుంది? టీవీ మనిషిని స్టేషన్ గేటు దాకా తెస్తుందేమో. లోపల ముప్పై ఏళ్ళు నిలబెట్టేది జీతం, సెలవు, పక్కన నిలబడే సీనియరు. నా మొదటి పెద్ద మంటలో హోస్ పైపు నా చేతిలోంచి ఎగిరిపోబోతే వెనకనుంచి భుజం ఆనించి పట్టుకున్న మనిషి ఉన్నాడు. నేను ఉద్యోగంలో ఉండిపోయింది ఆయన వల్ల.

మేనకోడలు: అయితే ఆ మనిషినే చూపించాలి. జీతం రాని నెల కూడా చూపించాలి. ఉడాన్ చేసింది అదే కదా, దారిలో ఉన్న అవమానాల్ని దాచలేదు. అన్నీ తెలిసి వచ్చిన పిల్ల నిలబడుతుంది మావయ్యా. నువ్వు గేటు లోపలి సంగతి చెప్తున్నావు, అది సర్కారు సరిచెయ్యాలి, చెయ్యకపోతే తప్పే. నేను గేటు బయట ఉన్నవాళ్ళ గురించి అడుగుతున్నాను. ఇంట్లో ఆ ఉద్యోగం చేసినవాడు ఉంటే పిల్లలకి తెలుస్తుంది. నాకు నువ్వున్నావు. లేనివాళ్ళకి ఎవరున్నారు?

మామయ్య: (కాసేపాగి) సీరియల్ ఎప్పుడు తీస్తారో, ఎవరు తీస్తారో! ఏప్రిల్ 14 మాత్రం ఏటా వస్తుంది. ఆ రోజు ఏమిటో తెలుసా? 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలింది. పేలుడు మందు, పత్తి బేళ్ళు ఒకే ఓడలో ఎక్కించారు. అక్కడా ముందు అంటుకుంది పత్తే. ఆర్పడానికి పోయిన ఫైర్‌మన్లు 66 మంది పోయారు. వాళ్ళ పేరు మీద ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. మా వాళ్ళు హోస్ పరిచి చూపిస్తారు, గ్యాస్ సిలిండరుకి మంట అంటుకుంటే గోనెపట్టా తడిపి ఎలా కప్పాలో చూపిస్తారు. చూడ్డానికి వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. నీ క్లాసుని తీసుకురా. ఆడపిల్లల్ని ముందు వరసలో నిలబెట్టు. పైపు వాళ్ళ చేతికే ఇప్పిస్తాను, నీళ్ళ తోపుడు ఎంతుంటుందో తెలుస్తుంది.

మేనకోడలు: ఏప్రిల్ అంటే పరీక్షల రోజులు మావయ్యా.

మామయ్య: పరీక్ష అయ్యాక సాయంత్రం తీసుకురా. స్టేషన్ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

తగువు అక్కడితో తెగలేదు, వాళ్ళింట్లో ఇంకా నడుస్తోంది. నా మట్టుకు నేను ఇద్దరి నుంచీ చెరొకటి తీసుకున్నాను. తెలుగు చానళ్ళలో కథలు రాసేవాళ్ళకి నా విన్నపం: ఒక 108 బండినో, ఒక చిన్న పట్టణం ఫైర్ స్టేషన్నో తీసుకుని, అక్కడి లాగ్ పుస్తకం ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు రాయండి. సంభాషణలు రాసేముందు ఆ ఉద్యోగులతో రెండు రాత్రి డ్యూటీలు కూర్చోండి. అప్పటిదాకా ఆగలేని తల్లిదండ్రులు, టీచర్లు ఏప్రిల్ మూడో వారంలో పిల్లల్ని మీ దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి తీసుకువెళ్ళండి. అక్కడి నంబరు 101. పోలీసు, ఫైరు, అంబులెన్సు ఏది కావాలన్నా 112.